మన రజాకార్

"భాభీ, ఇర్ఫాన్ భాయ్ ఖాకీ డ్రెస్ జర ఉతికి ఇస్త్రీ చేసి పెట్టు. ఎల్లుండి సంతాప సభల ఫోటో పక్కన పెడ్తం" అన్నాడు ముత్యమన్న. చాయ్ తాగి లేస్తూ ఇంకో మాట కలిపాడు. "సభ అయినంక మీ తమ్ముడు షాకీర్ కొలతకు చిన్నగ చెయ్యి. సకల జనుల సమ్మె నడువంగ మన ఆట ఆగొద్దు గద."

మా ఆయన పోయాక నాలుగు నెలల పది రోజులు ఇద్దత్‌లో ఇంట్లోనే కూర్చుని, నేను గడప దాటి వారం కాలేదు. అందాకా ఆగాడు, అదొక్కటి మెచ్చుకోవాలి.

మా ఆయన సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. సాయంత్రాలు ముత్యమన్న జట్టుతో ఊరూరా తిరిగి నిజాం కాలపు పోరాటాన్ని ఆడి చూపించేవాడు. పన్నెండు మంది. రైతులు, సంఘం మనుషులు, దొర, అందరి బట్టలూ నేనే కుట్టాను. ఎవరి భుజమెంతో, ఎవరి నడుమెంతో నాకు టేపు లేకుండా తెలుసు. రిహార్సల్ మా ఇంట్లోనే. చాయ్ నాదే, చెమట బట్టలు ఉతకడమూ నాదే. పదమూడో మనిషిగా నా పేరు కూడా రాస్తారా అని ఒకసారి అడిగితే, "కుట్టుడే గద అస్మా, అదేమన్న యాక్టింగా?" అన్నాడు మా ఆయన. ఆయనా తక్కువ తినలేదు.

రజాకార్ వేషం మాత్రం ఎప్పుడూ ఆయనకే. రైతు వేషం ఒక్కసారి ఇవ్వమని నోరు తెరిచి అడిగాడు. "నీ లెక్క ఉర్దూల ఎవ్వలు గద్దిస్తరు భాయ్" అని అందరూ వీపు తట్టారు. ఆ ప్రేమ నిజమే. అందుకే నాకు ఇంకా మండుతుంది. కొడిమ్యాలలో ఎవరో విసిరిన రాయికి నుదురు పగిలి వస్తే నేను పసుపు అద్దాను. "నేను మంచిగ చేసిన్నన్నట్టే గద" అని నవ్వాడు. బడిలో పిల్లలు మా సుమయ్యాను రజాకార్ బిడ్డ అని పిలిస్తే దాన్నీ నవ్వమన్నాడు. నన్ను మాత్రం ఆటకు రానివ్వలేదు.

ఒకసారి చెప్పకుండా కోరుట్లకు వెళ్లాను. గుంపులో నా పక్కనున్న ముసలామె మా ఆయన్ని చూసి మెటికలు విరిచి శాపాలు పెట్టింది. తర్వాత నా బురఖా వైపు తిరిగింది. "నువ్వు తిడ్తలేవేందే?" అంది. చుట్టూ ఉన్న మొహాలన్నీ నా వైపు తిరిగాయి. భయమేసింది. నేనూ తిట్టాను. నా మొగుణ్ని, నా గొంతుతో, నీ చేతులు పడిపోను అని. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. ఆయన కామెర్లతో ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆ చేతులే పట్టుకుని కూర్చున్నాను, అప్పుడు కూడా చెప్పలేకపోయాను.

సభనాడు ఫ్లెక్సీ చూశాను. ఖాకీలో, కట్టె తుపాకీతో నా భర్త. కింద పెద్ద అక్షరాలతో 'మన రజాకార్ ఇర్ఫాన్‌కు జోహార్లు'. అది తప్పని ఎవరికీ తోచలేదు. అందరూ ఏడుస్తున్నారు, నిజంగానే. దొర వేషం కట్టే ఓదెలు మైకు పట్టుకుని, "అంత మంచి రజాకార్ మళ్ల పుట్టడు" అని వెక్కివెక్కి ఏడ్చాడు.

నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. సంచి పట్టుకుని స్టేజీ ఎక్కాను.

"మా ఆయన పేరు ఇర్ఫాన్. పదిహేనేండ్లు సాంచ నడిపిండు. ఎవ్వలనూ కొట్టలే" అన్నాను. సంచిలోంచి ఖాకీ తీసి ముత్యమన్న చేతిలో పెట్టాను.

"షాకీర్‌కు చిన్నగ చేసినవా భాభీ?"

"లేదన్నా. కుట్లు ఇప్పి నీ కొలతకు పెద్దగ చేసిన."

ముత్యమన్న జనం వైపు చూసి గొంతు తగ్గించాడు. "నాకు ఉర్దూ రాదు గద భాభీ."

"నేను నేర్పిస్త. కష్టమేం లేదన్నా. తిట్లు తినుడు, నవ్వుకుంట ఇంటికి పోవుడు."