తిరిగొచ్చిన బాక్సు

సాయంత్రం ఏడున్నరకు మా ఆయన మూర్తి టిఫిన్ బాక్సును సింకు పక్కన పెట్టి వెళ్తాడు. మూత తీయడం నా పని. పద్నాలుగేళ్లుగా తీస్తున్నాను కాబట్టి, చేతికి తగిలే బరువును బట్టే లోపల ఏముందో చెప్పగలను. చపాతీలైతే ఒకటి మిగులుతుంది. అన్నమైతే సగం. క్యాంటీన్లో బిర్యానీ చేసిన రోజు మూత కూడా కదలదు. పొద్దున రైల్లో బెంగళూరు దాకా పోయి, మళ్లీ రైల్లోనే బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లోని మా క్వార్టర్స్‌కు తిరిగొచ్చిన ఆ అన్నాన్ని నేను సింకు దగ్గర నిలబడే తినేదాన్ని. కూర్చుని తింటే అది భోజనం. నిలబడి తింటే తిన్నట్టు కాదు. మా అమ్మాయి శశి కొరికి వదిలిన దోసె, ఎవరూ అడగని అడుగంటు ముద్ద, వచ్చిన చుట్టాలు పళ్లెంలో వదిలేసిన చిత్రాన్నం, అన్నీ నిలబడే తిన్నాను. అలా నూట ఎనిమిది కిలోలయ్యాను.

మోకాళ్లు పోయాయి. షుగరు వచ్చింది. కడుపు తగ్గించే ఆపరేషన్ చేయించుకుంటానని నేనే అన్నాను. బెంగళూరులో డాక్టరమ్మ నన్ను సూటిగా చూసి, "ఆకలి లేకపోయినా తింటారా? ఎందుకు?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా మూర్తి నవ్వాడు. "ఏమీ తినను అంటాది మేడమ్. ఇంట్లో ఏదీ మిగల్దు మాత్రం!" డాక్టరమ్మ నవ్వలేదు. ఏదో రాసుకుంది. ఆ ప్రశ్నకు నా జవాబు మాత్రం అక్కడే ఆగిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు బంగారుపేట దాటాక మూర్తి గొంతు తగ్గించి అన్నాడు. "లావు తగ్గేకి కడుపు కోయించుకున్నారంటే ఊరంతా నవ్వుతాది. పిత్తాశయంలో రాళ్లని చెబుదాం. మా అమ్మకి గూడా అదే చెప్పు." నేను సరేనన్నాను. నాకూ సిగ్గుగానే ఉంది మరి.

ఆపరేషన్ బల్ల మీద పది దాకా లెక్కపెట్టమన్నారు. నాలుగు దగ్గర మా తాత గంగప్ప కనిపించాడు. తలకు దీపం కట్టుకుని, గనిలోకి మనుషుల్ని దించే ఇనపబోను తలుపు తెరిచి పట్టుకుని, "దా అమ్మా" అన్నాడు. ఎక్కాను. బోను చప్పుడు లేకుండా దిగింది. చెవులు మూసుకుపోయాయి. రాతిగోడల మీద నీళ్లు పైకి పారుతున్నాయి. అడుగున, ఎన్నడూ గని దిగని మా అవ్వ అక్కయమ్మ నిలబడి క్యారియర్లోంచి తింటోంది. తాత గనిలో సగం తిని, సగం ఇంటికి తెచ్చిన క్యారియర్ అది. ఆ అన్నానికి రాళ్లు పేల్చే మందు వాసన వస్తుందని చిన్నప్పుడు అవ్వే చెప్పేది.

"అవ్వా, నువ్వేంది ఈడ?"

"మీ తాత వదిలినాడు. పారేస్తే పాపం గదమ్మా" అంది అవ్వ.

కళ్లు తెరిచేసరికి నా కడుపులో ముప్పావు భాగం లేదు.

తర్వాతి రోజులు మంచులో నడిచినట్టు సాగాయి. మందుకిచ్చే చిన్న గిన్నెలో నీళ్లు, పావుగంటకోసారి ఒక గుటక. తర్వాత మజ్జిగ. ఆ తర్వాత పలచటి పప్పుకట్టు. ఇంటి కిటికీలోంచి, గనుల వాళ్లు బంగారం తీసేసి పోసిన సయనైడు దిబ్బలు లేత పసుపు రంగులో, ఎవరో మేఘాన్ని నేల మీద మరిచిపోయినట్టు కనబడేవి. ఆకలి లేని ఒంట్లో ఎంత నిశ్శబ్దం ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. నా లోపల ఎన్నేళ్లుగానో మోగుతున్న యంత్రాన్ని ఎవరో ఆపేశారు. ఇంట్లో వాళ్ల మాటలు నీళ్ల అవతల నుంచి వినిపించేవి. పదో రోజున వాటిలో మూర్తి మాట ఒకటి స్పష్టంగా వినబడింది. "కుర్చీ ఏసుకొని చేసేకి అయితాది గదా మంజూ? హోటల్ కూడు పడ్తాలేదు." కుర్చీ వేసుకుని వంట చేశాను. సాయంత్రం బాక్సు తిరిగొచ్చింది. మూత తీశాను. మిగిలిన అన్నాన్ని పెట్టుకోవడానికి నాలో చోటు లేదు. మెల్లగా గేటు దాకా నడిచి వీధికుక్కకు పెట్టాను. దొంగతనం చేసినదానిలా వెనక్కి తిరిగి చూశాను.

మూడో వారం స్కూలు ఆఫీసులో నా గుమాస్తా పనికి వెళ్లాను. పక్క టేబుల్ ఆలిస్ నన్ను కిందా మీదా చూసి, "రాళ్లు తీస్తే ఇంత సన్నగైతారా? ఏ ఆస్పత్రే చెప్పు, నాకేమన్నా రాళ్లు ఉండాయేమో చూపించుకుంటా" అంది. అందరితో పాటు నేనూ నవ్వాను. నవ్వితే కుట్లు లాగాయి.

అయిదో వారం మా అత్త చెన్నమ్మ టేకల్ నుంచి సంచి నిండా రాగిపిండితో దిగింది. కోడలు కోలుకోవాలని ఆమే రాగిముద్ద కెలికింది, పప్పూ ఆకుకూరా ఉడికించి వార్చిన నీళ్లతో బస్సారు కాచింది. నా పళ్లెంలో పిడికిలంత ముద్ద పెట్టి ఎదురుగా కూర్చుంది. అప్పటికి మెత్తటివి నాలుగు చెంచాలు తినొచ్చని చెప్పారు నాకు. ప్రతి ముద్దా ఇరవైసార్లు నమలాలి. గోరంత గిల్లి నోట్లో పెట్టుకుని నమిలాను.

అత్త చెయ్యి గాల్లో ఆగిపోయింది. "ఏమే మంజూ, ముద్దని నములుతాండావు? యాడన్నా ఉండాదా ఇది! బస్సార్లో అద్ది మింగల్ల. నాకు పండ్లు లేవు, నేనే మింగుతాండా!"

మూర్తి నా వైపు చూశాడు. నోరెత్తకు అని ఆ చూపు. మింగాను. ఒకటి, రెండు, మూడు. పది నిమిషాలకు రొమ్ము వెనక బండరాయి అడ్డం పడింది. బాత్రూంలో గోడ పట్టుకుని నురగ కక్కుతుంటే కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. కుట్టు తెగితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ చెప్పింది గుర్తొచ్చింది. తలుపు అవతల అత్త గొంతు. "వాంతులా? ఈ వయసులో మల్లా విశేషమా ఏంది మూర్తీ?" మూర్తి గొంతు. "గ్యాస్ అమ్మా, గ్యాస్."

మర్నాటి నుంచి శశి నా పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. పన్నెండేళ్ల పిల్ల. దానికి నిజం తెలుసు. మా అత్త మజ్జిగ కోసం తల తిప్పగానే నా ముద్ద మాయమై దాని పళ్లెంలో తేలేది. బల్ల కింద నా కాలు తొక్కేది. నేను నవ్వు ఆపుకునేదాన్ని. ఎనిమిది రోజులు మా ఇద్దరికీ అదో ఆట. నా బిడ్డ నన్ను కాపాడుతోందని మురిసిపోయాను.

తొమ్మిదో రోజు అడ్మిషన్ల పనిలో పడి ఇంటికి ఆలస్యంగా వచ్చాను. వంటింట్లో దీపం వెలుగుతోంది. శశి సింకు దగ్గర నిలబడి ఉంది. ఎడమచెయ్యి గట్టు మీద. కుడిచెయ్యి వాళ్ల నాన్న బాక్సులో. కళ్లు కిటికీ అవతల చీకట్లో ఎక్కడో ఉన్నాయి. రుచి తెలియనట్టు, తొందరగా, నిలబడి తింటోంది.

నన్ను నేను వెనక నుంచి చూడటం అదే మొదటిసారి.

"ఆకలైతాందా శశీ?"

"లేదమ్మా."

"మరి?"

"నాయన సగం వదిలేసినాడు. నువ్వు తినలేవు గదా. పారేస్తే పాపం అంటావు గదమ్మా నువ్వు." ఏడుపు లేదు, ఫిర్యాదు లేదు. ఖాళీ అయిన ఉద్యోగంలో చేరినట్టు చెప్పింది.

కాళ్ల కింద నేల మెల్లగా దిగుతున్నట్టనిపించింది. చప్పుడు లేని బోను. అందులో అవ్వ ఉంది, నేనున్నాను. శశి ఒక కాలు లోపల పెట్టింది. తాత ఇంకా తలుపు తెరిచే పట్టుకున్నాడు.

దాని చేతిలోంచి బాక్సు తీసుకున్నాను. చెయ్యి కడుక్కోమన్నాను.

ఆ పూట నేనే ముద్ద కెలికాను. అందరూ కూర్చున్నారు. అత్త పళ్లెంలో ఒకటి, శశికి చిన్నది, నాకు నిమ్మకాయంత. మూర్తి పళ్లెంలో బాక్సు బోర్లించాను. పప్పన్నం అచ్చు పోసినట్టు, ఒక మూల తరిగిన చదరంగా పడింది.

"ఏందిది?"

"మధ్యాన్నం మీరు వదిలింది."

"చల్లగుండాది. ఎవురికన్నా పెట్టేయి."

"ఎవరికి?" అని అడిగాను. దెప్పాలని కాదు, నిజంగానే అడిగాను.

మూర్తి నన్ను చూశాడు. తర్వాత అలవాటు మీద, ఆలోచన లేకుండా, అతని కళ్లు శశి మీదికి వెళ్లాయి. నాలుగు నెలల కింద డాక్టరమ్మ ముందు ఆగిపోయిన జవాబు అప్పుడు బయటికి వచ్చింది.

"అత్తా, నాకు తీసింది రాళ్లు కాదు. కడుపు. ముప్పావు కడుపు కోసి తీసేసినారు. ఈ ఇంట్లో మిగిలిందంతా పెట్టుకున్న కడుపు అది. ఇంగ లేదు. శశి కడుపులో పెట్టనీయను."

"మంజూ!" అన్నాడు మూర్తి.

పళ్లెం ముందు నేనూ కూర్చున్నాను. నిమ్మకాయంత ముద్దలోంచి గోరంత గిల్లి నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టాను. అందరి ముందూ, తీరిగ్గా, ఇరవైసార్లు.

అత్త నా నోటినే చూసింది. "కోసి తీసేసినారా?" అంది.

"తీసేసినారు."

"నొప్పి పుట్టిందా?"

"పుట్టింది."

ఆమె తన పళ్లెం అంచు మీద వేలు తిప్పింది. "మీ మామ తిన్న తట్టలోనే ముప్పై ఆరేండ్లు తిన్నాను. ఆయప్ప నమిలి పెట్టిన మునక్కాయ పిప్పి పక్కనే అన్నం పెట్టుకొని. ఆయప్ప పోయినంక ఒక దినం కడిగిన తట్టలో తిన్నాను." ఆగింది. "రుచిగా ఉండె. ఇన్నాళ్లూ ఎవురికీ చెప్పలా."

మూర్తి పళ్లేన్ని గోడ వైపుకు నెట్టి లేవబోయాడు. అత్త చెయ్యి చాచి దాన్ని మెల్లగా మళ్లీ అతని ముందుకు జరిపింది.

"కూర్చో మూర్తీ. తినప్పా. పారేస్తే పాపం."