ఎంబత్తా, ఒంబత్తా?

పుంగనూరు బస్టాండు ఎదురుగా సరళ నడిపే ఎస్‌టీడీ బూత్‌లో, బల్ల మీద ఒక కాగితం ముక్క ఉంది. దాని మీద ఐదు అంకెలున్నాయి: 3 1 4 7 9.

"ఒక్క అంకె అయ్యోరా! ఒక్క అంకెలో తప్పిపాయ. పాపం బీరప్ప!" అంది సరళ నాతో.

1999 వేసవి అది. సదుం దగ్గరి పల్లెలో గొర్రెలు కాచుకునే బీరప్పకు రెండేళ్లుగా వాన లేదు, మేత లేదు. నలభై గొర్రెలనూ అమ్మేయడానికి ఆ రోజు సంతకు తోలుకొచ్చాడు. వెనక్కి తోలుకుపోవడానికి అతనికి మిగిలిన ఒకే ఆశ, కర్ణాటక సరిహద్దు దాటి ముళబాగిలులో కొన్న లాటరీ టికెట్. దాని నంబరు 314780. ఫలితం అడగడానికి సరళ టికెట్లమ్మే అతనికి ఫోన్ చేసింది. అతను కన్నడంలో చదివాడు, ఈమె రాసుకుంది. నాలుగంకెలు వరసగా కలిశాయి. ఐదోది ఎనిమిది కావలసిన చోట తొమ్మిది వచ్చింది. బీరప్ప టికెట్ మడుచుకుని సంతకు వెళ్లిపోయాడట.

నేను ముప్ఫై ఏళ్లు సైన్సు పాఠం చెప్పి రిటైరైన అయ్యవారిని. పది లక్షల్లో ఒకటి అంటే ఏమిటో చూపడానికి, ఇరవై కిలోల బియ్యంలో ఒక్క గింజకు ఎర్రరంగు పూసి కలిపి, వెతకమని పిల్లలకు ఇచ్చేవాణ్ని. ఏ ఏడూ దొరకలేదు. అందువల్ల బీరప్ప ఓటమి నన్ను ఆశ్చర్యపరచలేదు. నన్ను ఆపింది కాగితం.

"టికెట్‌లో ఎన్ని అంకెలుంటాయమ్మా?"

"ఆరు."

"నువ్వు రాసినవి ఐదే."

సరళ పెన్ను మొనతో రెండుసార్లు లెక్కపెట్టింది. "నడాన ఒగటి వినబళ్లేదేమో. లైన్‌లో ఒగటే గరగర."

"కావచ్చు. చివర అతనన్న మాట అన్నట్టే చెప్పు."

"ఏళు, ఒంబత్తు. అంతే, పెట్టేసె. ఒంబత్తంటే తొమ్మిదే కదా?"

"చివరి రెండంకెలూ కలిపి చదవడం వాళ్లకు అలవాటు. చిన్న ప్రైజులన్నీ వాటికే కదా వచ్చేది. అలాంటప్పుడు అతనన్నది ఎంబత్తు అయితే?"

సరళ కళ్లు పెద్దవయ్యాయి. "ఎనభై! అయ్యోరా, ఎనభై! ఆరంకెలూ సరిపాయ!"

మళ్లీ ఫోన్ చేశాం. మూడుసార్లు చేసినా లైను కలవలేదు. నా ఊహ నిజమని ఆధారం లేదు. ఎక్కడో ఒక అంకె జారిపోయి ఉండవచ్చుననే మాటా అంతే బలమైనది. అయినా బేరం ముగిశాక ఏది నిజమో తేలి లాభమేమిటి? సరళ బూత్‌కు తాళం వేసి మోపెడ్ తీసింది. అరవై దాటిన నేను వెనక కూర్చుని, "ఇంకొంచెం జోరుగా పోనీయమ్మా" అన్నాను. ఆ మాట నా నోట వచ్చినందుకు నాకే నవ్వొచ్చింది.

సంతలో బీరప్ప చెయ్యి అప్పటికే వి.కోట వ్యాపారి ఓబులేసు తువ్వాలు కింద ఉంది. నలుగురికీ వినబడకుండా తువ్వాలు చాటున వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చెయ్యి గట్టిగా నొక్కితే బేరం ఖాయం, ఇక తిరుగు లేదు.

"చెయ్యి తీయప్పా బీరప్పా! నొక్కద్దు!" అని సరళ దూరం నుంచే అరిచింది.

సంగతి చెప్పగానే బీరప్ప భార్య మునియమ్మ నా మీద విరుచుకుపడింది. "లాటరీ వద్దని ఊరంతా చెప్పే అయ్యోరివి, నువ్వు గూడా మొదలుపెడితివా? ఈయప్పకు ఉండే పిచ్చి చాల్లేదా?"

ఓబులేసు మాత్రం పకపకా నవ్వాడు. అతని ఇంట సగం కన్నడమే. "ఫోన్‌లో ఎంబత్తూ ఒంబత్తూ ఒగటే మాదిరి ఉంటాదిలే అయ్యోరా."

"ఉంటుందో లేదో పరీక్షించి చూద్దాం" అన్నాను.

బీరప్పను అటు తిరిగి నిలబడమన్నాను. ఓబులేసు ముప్ఫై అడుగుల దూరాన నీళ్లతొట్టి దగ్గర నిలబడి, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, ఆ రెండింటిలో తనకు తోచిన మాట పదిసార్లు అరిచాడు. జనం మూగారు. బీరప్ప "తొమ్మిది!" అంటే "కాదు, ఎనభై!" అని ఈలలు. పదింటిలో ఐదు తప్పాడు. నాణెం ఎగరేసి చెప్పినా అంతే వస్తుంది.

"అట్లయితే నా గొర్రెలు..." అంటూ బీరప్ప మంద వైపు తిరిగాడు.

నాలుగు గంటల కోలారు బస్సులో కన్నడ పేపరు వస్తుంది, లాటరీ ఫలితాలు అందులో ఉంటాయి. ఓబులేసు ఆగుతానన్నాడు, కానీ ఊరికే కాదు. "టికెట్ తప్పితే తలకు యాభై తగ్గిస్తా. ఒప్పుకుంటావా?"

బీరప్ప మునియమ్మ వైపు చూశాడు. ఆమె గొర్రెల వైపు చూసింది. "ఆగప్పా, ఏమైతే అదైతాది" అంది.

గంటసేపు ఎవరూ కుదురుగా నిలబడలేదు. "ఈ లాటరీ పిచ్చి ఎవురు కనిపెట్నారు అయ్యోరా?" అన్నాడు ఓబులేసు.

"పిచ్చి కాదు, మొదట్లో అది న్యాయం. వెయ్యేళ్ల కిందట తమిళనాట ఉత్తరమేరూరులో ఊరి సభకు పెద్దలను కుండలో వేసిన తాటాకు చీట్లు తీసి ఎంచుకున్నారు. పలుకుబడి పనిచేయకూడదని. ఇప్పటికీ ఇళ్ల స్థలాలకు చీటీలు వేయడం అందుకే."

"అంటే అప్పుడు గెలిచినోనికి పని పడతాండె. ఇప్పుడు గెలిచినోనికి పని తప్పుతాది!"

ఇంతకన్నా చక్కగా ఆ చరిత్రను నేను చెప్పలేను.

బస్సు రాగానే సరళ కిటికీలోంచే పేపరు లాక్కుంది. మొదటి బహుమతి గడిలో వేలు పెట్టింది. 314780. సంత దద్దరిల్లింది. బీరప్ప ఒక గొర్రెపిల్లను భుజానికెత్తుకుని గిరగిరా తిరిగాడు. నేను పేపరు అందుకున్నాను. చదవవలసింది ఇంకా మిగిలి ఉంది.

"ఆగండి! ఇక్కడ బి సీరీస్ అని ఉంది. మీ టికెట్ మీద ఏ అక్షరం ఉంది?"

ఓడిపోయానన్న దిగులుతో బీరప్ప ఆ టికెట్‌లో తాంబూలపు సున్నం పొట్లం కట్టుకున్నాడు! విప్పితే, అక్షరం ఉన్న మూల తెల్లగా మెత్తుకుని ఉంది. మునియమ్మ గోటి చివరతో, కంట్లో నలుసు తీసినంత నెమ్మదిగా గీకింది.

డి.

"అంటే లేదా?" అన్నాడు బీరప్ప.

నేను కింది వరుస చదివాను. అదే నంబరు, వేరే సీరీస్ అయితే ఐదు వేలు. లక్షలు మరెవరికో వెళ్లాయి. బీరప్ప ముఖం వాడిపోయింది. మునియమ్మ ముఖం మాత్రం వెలిగిపోయింది.

"వాల్మీకిపురంలో చెనిక్కాయ కట్టె బండి ఎంత?" అని ఓబులేసును అడిగింది. అది గొర్రెలు మేసే వేరుశనగ ఎండుతీగ.

"మేత కరువులో వెయ్యికి తగ్గదమ్మా."

"ఐదు బండ్లు. వాన పడేదాకా వస్తాది. ఏమప్పా, టికెట్ తప్పలే కదా? ముసలివి పది తీసుకో, నువ్వు మొదట చెప్పిన ధరకే. తక్కినవి ఇంటికి పోతాండాయి."

ఓబులేసు తల గోక్కున్నాడు. "అయ్యోరా, నా బేరం చెడగొడితివి" అన్నాడు నవ్వుతూనే.

ఆమె అప్పటికే మందను సదుం దారి పట్టించింది. బీరప్ప టికెట్ పట్టుకుని దుమ్ములో వెనకాలే పరుగెత్తుతున్నాడు. అదొట్టి అదృష్టమని, ఇంకో టికెట్ కొనవద్దని చెప్పడానికే నేను నోరు తెరిచాను. వచ్చిన కేక మాత్రం వేరు:

"మడవొద్దప్పా! చెమట తగలనీయొద్దు!"