కొక్కేనికి పెట్టిన బొట్టు

ఇన్సూరెన్సు సర్వేయరుగా స్రవంతి తిరుపతి చుట్టుపక్కల వినని అబద్ధం లేదు. కుక్క అడ్డమొచ్చిందన్నవాళ్లు, ఎదురు లారీ లైటు కళ్లలో కొట్టిందన్నవాళ్లు, బండి దానంతటదే కదిలిందని దేవుడి మీద ఒట్టేసినవాళ్లు, అందరూ ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడినవాళ్లే. వాళ్లమీద ఆమెకు కోపం రాదు. వాళ్లు నిజాయతీపరులైపోతే ఈమె పొయ్యిలో పిల్లి లేవదు. బద్ధకంగా అల్లిన అబద్ధం వింటే మాత్రం ఒళ్లు మండుతుంది. ఎదుటి మనిషి తలకాయలో మెదడుందన్న అనుమానమైనా లేకుండా చెప్పే అబద్ధం అది.

దయానంద్ క్లెయిము అచ్చంగా అలాంటిదే.

ఏర్పేడు దగ్గర అపార్టుమెంట్లు కట్టి అమ్మే దయానంద్‌కు ఒక ఎలక్ట్రిక్ కారుంది. మొన్న తెల్లవారుజామున తిరుచానూరు వాలు దగ్గర డ్రైవరు ఎల్లప్ప దాన్ని రివర్సు తీశాడట. ఎలక్ట్రిక్ కారు గదా, చప్పుడు రాదు. రోడ్డుపక్క వెనుదిరిగి కూర్చుని పూలు కడుతున్న తిరుమలమ్మకు వినపడలేదట. కారు ఆమెను గుద్ది, ఆపైన గోడను గుద్దిందట. ఆమె కాలు విరిగింది, కారు వెనకభాగం నుజ్జయింది. తప్పు నాదే, కాలు జారింది అని ఎల్లప్ప ఒప్పేసుకున్నాడు. ఇవాళ సాయంత్రం పోలీసు స్టేషనులో ఆ మాటే చెప్పి సంతకం పెట్టాలి. పెడితే కేసు అతని నెత్తిన పడుతుంది. లైసెన్సు పోతుంది. ఎల్లప్పకు సెంటు భూమి లేదు. ఏళ్ల తరబడి తిరుమల కొండకు జీపు నడిపి ఒక్క గీత పడనివ్వలేదన్న పేరు, ఆ లైసెన్సు, అంతే అతని ఆస్తి.

స్రవంతి ముందు ఆసుపత్రికి వెళ్లింది.

తిరుమలమ్మ కాలికి కట్టుతో పడుకుని ఉంది. ఆమె వదిన మంచం పక్కన నిలబడి, విరగని కాలికి భక్తిగా మొక్కుతోంది.

"ఏం జరిగింది మా?" అని అడిగింది స్రవంతి.

"ఎనకనుంచి వచ్చి గుద్దినాది. సద్దే లేదు. కింద పడినా. కండ్లు తెరిచి సూస్తే ఆవు," అంది తిరుమలమ్మ.

"ఆవా?"

"ఆవే. ఇంత ఉండాది." మంచం పట్టెకంటే కిందికి చెయ్యి దించి చూపించింది. "మేకంత. మొకాన బొట్టు, మెడలో గంట, వీపు మింద పట్టుగుడ్డ. నా సామంతిపూల గంపలో మూతి పెట్టి మేస్తా ఉండాది. ఆపైన నాకు తెలివి లేదు."

వదిన చెంపలేసుకుంది. "అమ్మవారే మా. ఆ యాళప్పుడు మేకంత ఆవు ఎవురికి కనపడతాది? కాలు పోతే పోయినాది, దర్శనం దొరికినాది. దయానంద్ సారు గూడా వచ్చి అదే మాట అన్నాడు. చేతులెత్తి మొక్కి, పండ్లిచ్చి పోయినాడు."

"నీకేమనిపిస్తా ఉంది తిరుమలమ్మా?"

"పేడ ఏసినాది మా, నా గంపలో," అంది తిరుమలమ్మ విసుగ్గా. "అమ్మవారు పేడ ఏస్తాదా? చెప్తే ఈళ్లు ఇనరు. అది గూడా ప్రసాదమే అంటారు."

ఆ గదిలో బుర్ర పనిచేస్తున్నది కాలు విరిగిన మనిషికి ఒక్కదానికేనని స్రవంతికి అర్థమైంది. నమస్కారం పెట్టి బయటపడింది.

స్కూటీ ఏర్పేడు దారి పట్టింది. దయానంద్ అపార్టుమెంట్ల మలుపులో బస్సంత బోర్డు ఉంది. దాన్ని ఇన్నాళ్లూ చూస్తూనే ఉంది, ఇవాళ ఆగి చదివింది. 'లిఫ్టులో గోమాత! మా ఫ్లాటు కొన్నవారికి పుంగనూరు ఆవుతో గృహప్రవేశం ఉచితం.' పక్కన దయానంద్ ఫొటో, ఒళ్లో దూడంత ఆవు.

కొత్త ఇంట్లోకి ముందు ఆవు అడుగుపెట్టాలి. నేలమీద ఇల్లయితే పెడుతుంది. అయిదో అంతస్తులో ఫ్లాటుకు ఏ ఆవు మెట్లెక్కుతుంది? అక్కడ తట్టింది దయానంద్‌కు బంగారం లాంటి ఆలోచన. పుంగనూరు పొట్టి ఆవు లిఫ్టులో పడుతుంది. ఆవు దొరికింది, లిఫ్టు దొరికింది, మతి మాత్రం ఎక్కడా దొరకలేదు, అనుకుంది స్రవంతి.

ఆఫీసు ముందు షెడ్డులో కారు నిలబెట్టి ఉంది. దయానంద్ రాగి చెంబులో నీళ్లు తాగుతూ ఎదురొచ్చాడు. నోరు తెరిస్తే పర్యావరణం తప్ప ఇంకో మాట రాని మనిషి. ఎల్లప్ప షెడ్డు స్తంభాన్ని ఆనుకుని, నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"రాండి మేడమ్. మజ్జిగ తాగతారా? మా ఆవుదే."

"అదెంత ఇస్తాది పాపం, తిరుమలమ్మకు ఉంచండి. మీ ఆవు ఆ పొద్దు యాడ ఉండింది?"

దయానంద్ చెంబు నోటి దగ్గరే ఆగింది. "ఆవా? దాని షెడ్డులో. దానికీ దీనికీ ఏం సంబంధం? అది ఎప్పుడూ సరుకుల ఆటోలో పోతాది."

"మంచిది. ఒక గోనెపట్ట ఇప్పించండి."

గోనె పరుచుకుని కారు కింద వెల్లకిలా పడుకుంది. ఫోను లైటు వేసింది. బంపరు పగిలింది. దాని వెనక అడ్డంగా ఉండే ఇనప దూలం సొట్టపడి లోపలికి వంగింది. గోడను గుద్దితే వంగాల్సిందే, తప్పులేదు. ఆ దూలానికి నాలుగు బోల్టు రంధ్రాలున్నాయి. అవి కంపెనీ వేసినవి కావు. డ్రిల్లుతో వేసి, పైన నల్లరంగు కొట్టారు. రంధ్రాల పెదవులు బయటికి చీలి ఉన్నాయి. గోడ ఏ ఇనుమునైనా లోపలికి తోస్తుంది గాని, బయటికి లాగదు.

సుత్తి దెబ్బ అంటాడు దయానంద్, అనుకుంది. ఇంకొంచెం లోపలికి జరిగింది. అప్పుడు కనపడింది.

రంధ్రాల పక్కన, దూలం మీద, పసుపు. పసుపు మీద కుంకుమ. కుంకుమకు రెండు అక్షింతలు అతుక్కుని ఉన్నాయి. రంగు కొట్టినవాడు దానిమీద బ్రష్షు వెయ్యడానికి భయపడి చుట్టూ తిప్పి పూశాడు. బొట్టు గుండ్రంగా లేదు. కత్తితో కోసినట్టు సగానికి తెగిపోయింది. ఆ మిగతా సగం ఏదో ఇనప పలక మీద ఉంది. ఆ పలక ఇక్కడ లేదు.

స్రవంతికి నవ్వొచ్చింది. నల్లరంగు కొనడానికి బుద్ధి పుట్టినవాడికి బొట్టు తుడవడానికి చెయ్యి రాలేదు. అబద్ధానికి భయపడని మనిషి కుంకుమకు భయపడ్డాడు.

బయటికి వచ్చి చీర దులుపుకుంది. "దయానంద్ గారూ, మీరు కొత్త బండికి బొట్టు యాడ పెడతారు?"

"ముందర పక్క, బానెట్ మింద."

"చక్రాలకో?"

"నిమ్మకాయ పెట్టి తొక్కిస్తాం. అందరూ చేసేదే గదా. ఏమంట మేడమ్?"

"మీరు అందరికంటే భక్తులు మాదిరుండారు. బంపరు లోపల, మనిషి పొర్లితే గాని కనపడని చోట గూడా పెట్టినారు. అదీ సగమే పెట్టినారు. ఇంకో సగం ఏ కొక్కేనికి పెట్టినారు?"

ఎల్లప్ప తల ఎత్తాడు.

"కారు వెనక కొక్కెం పెట్టించినారు," అంది స్రవంతి. "దానికి రెండు చక్రాల ట్రాలీ తగిలించి, ట్రాలీలో ఆవును ఎక్కించి, గృహప్రవేశాలకు తిప్పతా ఉండారు. తిరుచానూరు వాలు ఎక్కేటప్పుడు కొక్కెం ఊడొచ్చింది. ట్రాలీ వెనక్కి దొర్లి తిరుమలమ్మ మింద పడింది. కారు ఎవురినీ గుద్దలేదు. చెప్పండి, యాడన్నా తప్పినానా?"

దయానంద్ ఆమెను చూశాడు, కారును చూశాడు, చివరికి ఎల్లప్పను చూశాడు. మొహంలో రంగులు మారడం స్రవంతి తీరిగ్గా గమనించింది. ఇదిగో, ఇంకో అబద్ధం పుడుతోంది, అనుకుంది. పుట్టింది.

"రేయ్ ఎల్లప్పా," అన్నాడు దయానంద్. గొంతు ఆశ్చర్యపోవడం నేర్చుకుంటోంది. "నాకు తెలీకుండా నా కారుకు కొక్కెం పెట్టించినావా? నా ఆవును తోలకపోయి బయటోళ్ల ఇండ్లకు బాడుగకు తిప్పతా ఉండావా? ఉప్పు తిన్న ఇంటికే కన్నమేసే దొంగవని నాకు తెలియకపాయ. మేడమ్, రాసుకోండి. నా కారు, నా ఆవు, రెండూ ఈ దొంగ దొంగతనంగా వాడుకున్నాడు. నాకేం సంబంధం లేదు."

మొదటి అబద్ధం కంటే ఇది మేలు రకం. ఇంత చప్పున, ఇంత నున్నగా తయారుచేసినందుకు స్రవంతి మనసులోనే మెచ్చుకుంది, పేడపురుగు ఉండను చూసి మెచ్చుకున్నట్టు.

"నువ్వేమంటావు ఎల్లప్పన్నా?" అంది.

ఎల్లప్ప స్తంభాన్ని వదిలి రెండడుగులు ముందుకొచ్చాడు. "దొంగ అంటివా సామీ?"

"నోరు ముయ్. నిన్ను వకీలును పెట్టి నేను..."

"కాలు జారిందని చెప్పమంటివి, చెప్తానంటిని. కాలు ఎవురికైనా జారతాది. ఇంట్లో కూచోబెట్టి జీతమిస్తానంటివి, సరే అంటిని. దొంగ అంటే మా ఈదిలో నా పక్కన ఎవురు నిలబడతారు?" ఎల్లప్ప గొంతు పెంచలేదు. స్రవంతి వైపు తిరిగాడు. "ఈ కారు ఏమీ లాగగూడదు మేడమ్. కారు అమ్మినోళ్లు చెప్పినారు. కొక్కెం పెట్టమంటే, అడుగంతా బ్యాటరీ ఉండాది, వెనక దూలం బోలుగా ఉండాది, నా వల్ల గాదని మెకానిక్కు పంపించేసినాడు. అప్పుడు ఈ సామి ఏమన్నాడో తెలుసునా? పక్కనే శ్రీహరికోటలో రాకెట్టు పైకి పంపతా ఉండారు, నేను ఒక దూడను లాగలేనా అన్నాడు. గేట్లకు గొళ్లేలు పెట్టే వాని దగ్గరికి తోలకపోయినాడు. కొక్కేనికి కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టినాడు. తన చేత్తోనే పెట్టినాడు."

"వీడి మాట ఎవరు నమ్ముతారు మేడమ్?" అన్నాడు దయానంద్.

"మీ మాట నమ్మేవాళ్లయితే ఆసుపత్రిలో ఉండారు. తిరుమలమ్మ కాలికి మొక్కతా ఉండారు. సాక్ష్యానికి పిలిపించుకోండి." ఆమె ఎల్లప్పను వదల్లేదు. "ట్రాలీ ఊడినాక?"

"ఆమె కింద పడి అరస్తా ఉండాది. నేను 108కి ఫోను చేసినా. ఈ సామి పట్టుపంచె ఎగజెక్కి, ముహూర్తం దాటిపోతాది, ఆవును ఎక్కించరా అన్నాడు. డిక్కీలో సీట్లు మడిచి ఎక్కించినాము. అది రాలేదు, పూలు వదలలేదు. ఇద్దరమూ ఎత్తి పెట్టినాము. ట్రాలీని సందులోకి తోసినాము. గృహప్రవేశం టయానికి జరిగిపోయినాది. మర్రోజు ఈడ గోడకు కారును వెనక్కి కొట్టించినాడు, సొట్ట గావాలని."

"ఇద్దరమూ అంటే, నువ్వూ ఎత్తినావు."

"ఎత్తినా మేడమ్."

"కాలు విరిగిన ఆడమనిషి పక్కన ఉండగా, ఆవును ఎత్తినావు."

ఎల్లప్ప చూపు మళ్లీ నేలకు దిగింది. వాడొక రకం, వీడొక రకం, అనుకుంది స్రవంతి. ఒకడు ఏ పనికైనా హుకుం ఇస్తాడు, ఒకడు ఏ హుకుమైనా చేస్తాడు. ఈ రెండో రకం లేకపోతే మొదటి రకానికి చేతులే ఉండవు.

"ఇదంతా కట్టుకథ," దయానంద్ అన్నాడు. "కొక్కెం యాడుండాది? ట్రాలీ యాడుండాది? చూపించమనండి."

"అవి మీరు దాచింటారు. ఆ పొద్దు గృహప్రవేశం ఎవురిది?" అంది స్రవంతి. "ఎలక్ట్రిక్ కారు డిక్కీలోంచి ఆవు దిగతా ఉంటే ఆ ఇంటివాళ్లు ఫోటో తియ్యకుండా హారతి పడతా కూచున్నారా?"

దయానంద్ చెయ్యి చప్పున ఫోను జేబులోకి పోయింది. వాళ్లు తీయకపోయినా తనే తీయించాడు. తన ఫ్లాట్లవాళ్ల ఫోను గ్రూపులో పెట్టుకున్నాడు. రెండు రోజులు అభినందనలు అందుకున్నాడు. అది తీసేయాలన్న ఆలోచన ఈ నిమిషం దాకా రాలేదని అతని చెయ్యి జేబులోకి పోయిన తీరే చెప్పింది.

"ఇప్పుడు తీసేసి లాభం లేదు. చూసినోళ్లు శానామంది," అంది స్రవంతి బ్యాగు తగిలించుకుంటూ. "మీ కారుకు రూపాయి రాదు. తిరుమలమ్మకు ఇన్సూరెన్సు ఇచ్చినా, మీ దగ్గర వసూలు చేస్తారు. పోలీసులు మీ కోసం మజ్జిగ తాగేదానికి రారు."

"ఎల్లప్పా, ఈ గేటు దాటితే మళ్లీ లోపలికి రావు," అన్నాడు దయానంద్.

ఎల్లప్ప గేటు దాటాడు. స్కూటీ దగ్గరికొచ్చి, ఎక్కమంటుందా లేదా అన్నట్టు నిలబడ్డాడు. స్రవంతి ఎక్కమనలేదు, వద్దనీ అనలేదు. అతనే వెనక కూర్చున్నాడు. కొంత దూరం పోయాక అడిగాడు.

"స్టేషన్లో నన్నేం చేస్తారు మేడమ్?"

"కేసు పెడతారు. లాగగూడదని తెలిసి నడిపినావు. మనిషిని వదిలేసి ఆవును ఎత్తినావు. రెండు దినాలు అబద్ధం మోసినావు. లైసెన్సు ఉంటాదో ఊడతాదో నాకు తెలీదు. ఉండాలని నేనేం మొక్కను."

ఎల్లప్ప కొంచెం ముందుకు వంగాడు.

"దొంగ అని మాత్రం రాయరు గదా?"

"రాయరు."

"అయితే తోలండి," అన్నాడు.