గురువారం రాత్రి బండి

నామం సన్నగా పెట్టుకోవడం ముకుందాచారికి ఇంకా చేతకాలేదు. ఇన్నేళ్ళూ నుదురంతా దిద్దిన చెయ్యి, అద్దం ముందు నిలబడగానే తన పాటికి తాను పైకి పోతుంది. తడిగుడ్డతో తుడవడం, మళ్ళీ పెట్టడం, ఇదే పొద్దున్న పని. టికెట్ల దుకాణం నడిపే ఖైసర్ భాయ్ ఆ నామం గురించి ఎన్నడూ ఒక్క మాట అనలేదు. దుకాణానికి వచ్చినవాళ్ళే టికెట్ సంగతి వదిలేసి పిల్లకు సంబంధం ఎప్పుడు కుదురుతుందని అడుగుతుంటే, ట్రావెల్ ఏజెంటుకు ఇంత నామం పనికిరాదని ముకుందాచారే తీర్మానించుకున్నాడు. యాభై దాటాక కొత్త కొలువులో చేరినవాడు ఏదో ఒకటి తగ్గించుకోవాలి గదా.

వంటింట్లో అక్క కోమలవల్లి రాగిచెంబు మూతికి తెల్లగుడ్డ కడుతోంది. చెంబులో వేణుగోపాలస్వామి తీర్థం. పాతబస్తీ హుస్సేనీ ఆలంలో వీళ్ళ ఇంటి వెనక సందులోనే గుడి. తాతల నాటినుంచి అర్చన వీళ్ళదే. పోయినేడు కమిటీవాళ్ళు పట్టా ఉన్న అర్చకుణ్ణి తెచ్చి పెట్టుకున్నారు. ఇవాళ అక్క అందరితోపాటు వరుసలో నిలబడి ఈ తీర్థం పట్టించుకొచ్చింది.

"గట్టిగ కట్టినవా అక్కా? బండ్ల ఒలుకుతది."

"నీ చేత్తోని కడితే ఇంకా గట్టిగుండు," అంది ఆమె తల ఎత్తకుండా. "నీ చేత్తోనే పోస్తే ఇంకా మంచిగుండు."

"కొత్త కొలువక్కా. సెలవెట్ల అడుగుత?"

"కొలువు కొత్తది. అన్న పాతోడే గద."

ముకుందాచారి చెప్పులు వేసుకున్నాడు. "బండి రాత్రి పన్నెండున్నరకు. జల్దీ వచ్చి ఆటో తెస్త, కాచిగూడ టేషన్ల నేనే ఎక్కిస్త. ఫికర్ చెయ్యకు," అని బయటపడ్డాడు.

అన్న కేశవాచారి మధ్యప్రదేశ్‌లో, ఇటార్సీలో మంచం పట్టి ఉన్నాడు. సోమవారం సాయంత్రం ఆయన కూతురు వేదశ్రీ ఫోన్ చేసింది. ఆ పిల్ల మొహం కూడా వీళ్ళు ఎన్నడూ చూడలేదు. "కాకా, నాన్న తీర్థం అడుగుతున్నడు. మన గుడిది. డాక్టర్లు ఇగ మా చేతుల ఏం లేదన్నరు. జర జల్దీ రండి," అంది.

ఆ రాత్రే బయల్దేరితే సరిపోయేది. సోమవారం ఉత్తర దిక్కుకు ఏ దోషమూ లేదు. ముకుందాచారి మాత్రం పంచాంగం ముందేసుకుని కూర్చున్నాడు. ఇంత తొందరలో టికెట్ దొరకదన్నాడు. మంగళ, బుధవారాలు ఉత్తరానికి వారశూల, ప్రయాణం కూడదన్నాడు. గురువారం రాత్రి దివ్యంగా ఉందన్నాడు. పోయే ప్రాణానికి శూల ఏమిటని అక్క అడగలేదు. పంచాంగం తెరిచాక తమ్ముడి మాట కాదనడం ఆ ఇంట్లో లేదు. కానీ ఆ పూట శూలను తాను ఎందుకంత గట్టిగా పట్టుకున్నాడో ఆయనకు తెలుసు. అన్న పేరు వినగానే ఆయనకు భయం వేసింది, ఆలోచించుకోవడానికి ఇంకొన్నాళ్ళు దొరికితే చాలనుకున్నాడు.

పత్తర్‌గట్టి రాతి కమానుల కింద, బట్టల కొట్టుకూ అత్తరు కొట్టుకూ నడుమ ఇరుక్కుని ఉంటుంది ఖైసర్ భాయ్ దుకాణం. రెండు బల్లలు, రెండు కంప్యూటర్లు, గోడ మీద మక్కా పటం. ఆచారి వచ్చిన మొదటిరోజే ఆ పటం పక్కన మేకు కొట్టి తిరుమల క్యాలెండర్ తగిలించాడు ఖైసర్ భాయ్, తన చేతులతోనే. ఇద్దరిదీ పాత పరిచయం. కాశీకి ఏ నెలలో పోవాలి, రామేశ్వరం ముందా వెనకా అని గుడికి వచ్చినవాళ్ళకు ఆచారి చెప్పేవాడు, టికెట్లకు ఇక్కడికి పంపేవాడు. గుడి చేజారాక ఖైసర్ భాయే ఇంటికి వచ్చాడు. "ఆచారి సాబ్, నువ్వు పంపినోళ్ళకు గిన్నేండ్లు నేను టికెట్లు చేసిన. ఇగ నువ్వే చెయ్యరాదు? మక్కా ఉమ్రాలు నేను చూస్కుంట, కాశీ నువ్వు చూస్కో," అన్నాడు. దండం పెట్టాలనిపించింది ఆచారికి. పెడితే ఆయన నొచ్చుకుంటాడని చాయ్ తెప్పించాడు.

పని నేర్చుకోవడం మాత్రం అనుకున్నంత తేలిక కాలేదు. వేలు ఒకటే, మీటలు బోలెడు. ఇవాళ అలియాబాద్ నుంచి భార్యాభర్తలిద్దరు తిరుపతికి టికెట్లు చేయించుకోవడానికి వచ్చారు. పేరు రాశాడు, వయసు రాశాడు. తరువాత కళ్ళు మూసుకుని, "గోత్రం?" అన్నాడు.

ఆ భర్త భార్య మొహం చూశాడు. "రైలుకు గోత్రం గూడ గావాల్నా పంతులూ?"

ముకుందాచారి నాలిక కరుచుకున్నాడు. పక్కబల్ల దగ్గర ఖైసర్ భాయ్ దగ్గొచ్చినట్టు నటిస్తూ మొహం అటు తిప్పుకున్నాడు.

ఇలాంటివి ఎన్ని జరిగినా, సోమవారం రాత్రి ఖైసర్ భాయ్ లేనప్పుడు దుకాణం తెరుచుకుని, తనంతట తాను అక్కకు టికెట్ చేశాడు. ఎవరి సాయమూ లేకుండా చేసిన మొదటి టికెట్ అది. కాగితం వెచ్చగా బయటికి వచ్చినప్పుడు రెండు చేతులా పట్టుకుని చూసుకున్నాడు. అన్నను చూడటానికి తాను పోకపోయినా, పోయే దారి తానే వేశాననుకున్నాడు.

మధ్యాహ్నం పెరుగన్నం డబ్బా విప్పి, మళ్ళీ మూత పెట్టేశాడు. కేశవుడే కళ్ళలో మెదిలాడు. కేశవుడు పాశురం ఎత్తుకుంటే బజారులో పోయేవాళ్ళు గుడి మెట్ల దగ్గర ఆగేవారు. ఇటార్సీలో రైల్వేవాళ్ళకు మెస్సు నడిపే ఆవిడ కూతుర్ని, కులం కాని పిల్లను పెళ్ళి చేసుకుని, ఒక పొద్దున ఆ పిల్లను తీసుకుని గుడికి వచ్చాడు. వరుసలో నిలబడ్డాడు, అందరిలాగే. ముకుందాచారి చేతిలో తీర్థం గిన్నె. గర్భగుడిలోంచి నాన్న, "పొయ్యకు," అన్నాడు. ఒకటే మాట. కేశవుడు చాపిన అరచెయ్యి చాపినట్టే ఉంది. పక్కన ఆ పిల్ల చెయ్యి కూడా. ఉద్ధరిణి గిన్నెలోకి వెనక్కి పోయింది. కేశవుడు కాసేపు చూసి, తీర్థం పుచ్చుకున్నవాడిలాగే ఆ పొడి చేతిని తలకు రాసుకుని మెట్లు దిగిపోయాడు.

పొయ్యకు అన్నది నాన్నే, కానీ చెయ్యి తనది. నాన్న పోయాడు, తరువాత ఆ వదిన పోయింది, అడ్డుచెప్పే మనిషి ఒక్కరూ మిగల్లేదు. అయినా ముకుందాచారి వచ్చే కార్తీకంలో పోదాం, ఉగాది వెళ్ళాక పోదాం అనుకుంటూనే ఉన్నాడు. ఊరందరికీ ప్రయాణ ముహూర్తాలు పెట్టినవాడికి తన ప్రయాణానికి మంచిరోజు దొరకలేదు.

మధ్యాహ్నపు జొహర్ నమాజు చేసుకుని ఖైసర్ భాయ్ తిరిగి వచ్చాడు. "అక్క పోయేది ఇయ్యాల్నే గద? బండి టైముకున్నదా, చూసినవా?"

"ఆగు భాయ్, నేనే చూస్త." బండి నంబరు ఒక్కో అంకె వెతికి కొట్టాడు. బండి ఎక్కడుందో చూపే చుక్క ఒకటి తెర మీద మెల్లగా కదులుతోంది. "ఇదేంది భాయ్, నాగపూర్ దాటినట్టు చూపిస్తాంది. నిన్నటి బండి గావచ్చు."

ఖైసర్ భాయ్ వంగి చూశాడు. బల్ల మీది టికెట్ తీసుకుని కళ్ళద్దాలు పైకి నెట్టి చదివాడు. చాలాసేపు చదివాడు.

"ఆచారి సాబ్, గురువారం తారీకు ఏసినవ్."

"అవ్ భాయ్. గురువారం రాత్రే గద బండి."

"అర్ధరాత్రి దాటినంక గురువారం యాడిది? బుధవారం రాత్రి పన్నెండు కొట్టంగనే రైలుకు గురువారం షురూ. గీ టికెట్ బండి నిన్న రాత్రే పోయింది. గదే ఇది." వేలితో చుక్కను చూపించాడు.

ముకుందాచారికి అది తలకెక్కడానికి కొంతసేపు పట్టింది. బుద్ధెరిగినప్పటినుంచీ ఆయనకు దినం సూర్యోదయంతోనే పుడుతుంది. గురువారం రాత్రి భోంచేసి పడుకుని మళ్ళీ తూర్పు తెల్లబడేదాకా గురువారమే. తిథి చూసినా, శూల చూసినా ఆ లెక్కే. నడిరాత్రి, అందరూ నిద్రపోతుండగా, దొంగలాగా రోజు మారుతుందని ఆయనకు ఎన్నడూ తోచలేదు.

"నీ తప్పు గాదు," అన్నాడు ఖైసర్ భాయ్. "మాకు మగ్రిబ్‌కు, పొద్దు గూకితే దినం మారుతది, మీకు పొద్దు పొడిస్తే మారుతది. రైలు ఇద్దరి మాటా వినదు. పన్నెండు దాటిన బండి అయితే ప్రతి కస్టమర్‌కు చెప్తుంట. నీకు చెప్పుడే మర్చిపోయిన."

ఆయన ఊరికే కూర్చునే మనిషి కాదు. తెలిసిన ఏజెంట్లందరికీ ఫోన్లు చేసి, బతిమాలి, కేకలేసి, శుక్రవారం తారీకుతో రాత్రి బండికి ఒక బెర్తు పట్టాడు. "అయిపోయింది. అక్క అనుకున్న యాళ్లకే పోతది. రేపు దోపహర్‌కు ఇటార్సీల ఉంటది. కుచ్ నై హువా."

నిజమే, ఏమీ కాలేదు. అక్కకు చెప్పకపోయినా తెలియదు. అయినా ముకుందాచారి ఆ తెర మూయలేదు. కోమలవల్లి పేరు రాసి ఉన్న ఖాళీ బెర్తు అడవులు దాటుకుంటూ ఇటార్సీ వైపు పోతోంది. తాను శూల అని ఆపిన బుధవారం రాత్రే ఆ బండి బయల్దేరింది. ఆ తారీకును నిన్నే సరిగ్గా చదివి, శూల మాట పక్కన పెట్టి ఉంటే అక్క ఇప్పుడు దాంట్లోనే ఉండేది, చెంబు ఒళ్ళో పెట్టుకుని. దుకాణానికి ఎవరెవరో వచ్చి పోతున్నారు. ఆయన జవాబులు చెబుతూనే మళ్ళీ మళ్ళీ ఆ చుక్కను చూసుకున్నాడు.

చుక్క ఇటార్సీలో ఆగిన కాసేపటికి ఫోన్ మోగింది. వేదశ్రీ.

"కాకా, అత్త రేపు వస్తది గద? పక్కా గద?"

"పక్కా బిడ్డా."

"నాన్న పొద్దట్నుంచి దర్వాజా దిక్కే చూస్తున్నడు. మా ఇల్లు టేషన్ పక్కన్నే. బండి సప్పుడైనప్పుడల్లా కళ్ళు తెరుస్తడు. గిప్పుడే హైదరాబాద్ బండొచ్చింది, చెయ్యి గూడ లేపిండు." ఆ పిల్ల గొంతు సవరించుకుంది. "ఫోన్ చెవి కాడ పెట్టాల్నా కాకా? నువ్వు మాట్లాడుతవా?"

ముకుందాచారి నోరు తెరిచాడు. అన్నా అని పిలిచి ఎంత కాలమయిందో ఆయనకే గుర్తు లేదు. ఎదురుగా తిరుపతి టికెట్ మార్చుకోవడానికి ఎవరో నిలబడి ఉన్నారు.

"వద్దు బిడ్డా. రేపు అక్క వచ్చి మాట్లాడుతది," అన్నాడు.

ఫోన్ బల్ల మీద పెట్టాడు. ఆ లేపిన చెయ్యి ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. అంత తెలిసినవాడు లోకంలో ఇంకొకడు లేడు. తిరుపతి మనిషి వెళ్ళిపోయాక లేచి ఖైసర్ భాయ్ బల్ల ముందు నిలబడ్డాడు.

"భాయ్, ఇంకోటి దొరుకుతదా? నేను గూడ పోత."

ఖైసర్ భాయ్ మళ్ళీ ఫోన్లు అందుకున్నాడు. రెండో టికెట్ చేతికొచ్చేసరికి కమానుల కింద దీపాలు పెడుతున్నారు. "ఈ తారీకు నేను చూసిన, మళ్ల నువ్వు గూడ చూసుకో," అని నవ్వాడు. ముకుందాచారి కూడా నవ్వాడు. పోయి అక్కకు చెబితే ఏమంటుందో ఊహించుకుంటూ గబగబా నడిచాడు. ఉద్ధరిణి కూడా పెట్టుకోమనాలి. చెంబుతో పోస్తే ఒలుకుతుంది.

చార్మినార్ దాటి లాడ్‌బజార్‌లోకి తిరిగేసరికి మగ్రిబ్ అజాన్ మొదలైంది. జేబులో ఫోన్ మోగింది. అజాన్‌లో మాట వినబడక ఒక గాజుల దుకాణం మెట్టెక్కి నిలబడ్డాడు.

వేదశ్రీ ఏడవడం లేదు. మెల్లగా, ఒక్కో మాటా పేర్చుకుంటూ చెప్పింది. "నాన్న పోయిండు కాకా. ఆఖర్న నోరు తెరిచిండు. తీర్థం లేదు గద, కుండల నీళ్ళే పోసిన. తప్పా కాకా?"

"నీ తప్పు గాదు బిడ్డా," అన్నాడు ముకుందాచారి. "నీదేం తప్పు లేదు." ఆ మాటనే ఇంకా రెండుసార్లు అన్నాడు. తరువాత, "నేనొస్తున్న. నేనొచ్చేదాంక ఉంచు," అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి అక్క గుమ్మంలోనే ఉంది. ఆయన చేతిలో రెండు టికెట్లు చూసి ఆమె మొహం విప్పారింది. తరువాత ఆయన మొహం చూసింది. గోడ పట్టుకుని కింద కూర్చుంది.

"నేను ముందు చేసిన టికెట్ నిన్న రాత్రి బండిది అక్కా," అన్నాడు ఆయన. దాచి ఉంచడం ఆయన వల్ల కాలేదు. "తారీకు తప్పేసిన. మనం బుధవారం పోయుంటే, నువ్వు ఇయ్యాల పగటికే ఆడ ఉందువు. శూలన్న, భయపడ్డ. రెండూ నేనే చేసిన."

కోమలవల్లి కొంగుతో మొహం తుడుచుకుంది. "పో తమ్మీ, తానం చెయ్యి," అంది. "మైల."

నూతి దగ్గర చన్నీళ్ళు గుమ్మరించుకున్నాడు. పొద్దున అంత సేపు దిద్దిన నామం ఒక్క చెంబుకే పోయింది. ఆరని జుట్టుతోనే ఇద్దరూ సంచి సర్దుకున్నారు. అక్క కట్టిన పులిహోర డబ్బా అట్లాగే వదిలేసింది. చెంబు వైపు ముకుందాచారి చెయ్యి పోయింది.

"ముట్టకు," అంది కోమలవల్లి. "మైలల గుడి తీర్థం ముట్టొద్దు. నీకు నేను చెప్పాల్నా."

ఆయన చాపిన చెయ్యి కాసేపు అక్కడే ఆగింది. తరువాత దాన్ని వెనక్కి తీసుకున్నాడు. ఆటో వచ్చి సందు మొదట్లో హారన్ కొట్టింది. దీపం ఆర్పి, తలుపు దగ్గరికి వేసి, తాళం కప్ప రెండుసార్లు లాగి చూసుకుని వెళ్ళిపోయారు.

వంటింటి గూట్లో రాగిచెంబు ఉంది. అక్క పొద్దున వేసిన ముడి వేసినట్టే ఉంది, తెల్లగుడ్డ నడిమధ్య మాత్రం తీర్థం అంటుకుని కొద్దిగా తడిసింది.