నీళ్లడగని తీగ

అనంతపురంలో సుభాషిణి ఇంటి వెనక వేపచెట్టును పోయిన నెల కొట్టేశారు గానీ, దాని నీడ మాత్రం వెళ్లలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పెరట్లో ఒకే చోట పరుచుకుని ఉంటుంది. దాని కింద నేల బూడిదలా పొడిబారింది. గడ్డి కూడా మొలవడం లేదు.

ఆడపడుచు నాగరత్న ఒక తీగ ముక్క తెచ్చి తన చేత్తోనే నాటుతుంది. ఏడాది పొడవునా పచ్చగా ఉండి, నేలంతా కమ్ముకునే రకమట.

"దీనికి నీళ్లు పనిలేదు వదినా. పక్కన కూర్చోని మాట్లాడితే చాలు."

సుభాషిణి ఎండల గురించి, కూరగాయల గురించి చెబుతుంది. ఆకులు వడలిపోతాయి. ఎవరికీ చెప్పని మాట ఒకటి చెప్పగానే తీగ జానెడు సాగుతుంది. భర్త ఓబులేసు పన్నెండేళ్లుగా ఆమెతో అవసరానికి మించి మాట్లాడలేదు. కాబట్టి ఆమె దగ్గర అలాంటి మాటలు చాలానే ఉన్నాయి. వారం తిరిగేసరికి నీడ అంచుల దాకా పచ్చదనం పరుచుకుంటుంది. చెప్పులు విడిచి దాని మీద నడుస్తుంటే ఆమెకు సంతోషంతో ఏడుపొస్తుంది.

చివరికి అసలు సంగతి కూడా చెప్పేస్తుంది. ఆమె టీచరు. మదనపల్లె బడికి బదిలీ అడిగి తెచ్చుకుంది. సోమవారం ఒక్కతే వెళ్లిపోబోతోంది.

మర్నాడు మధ్యాహ్నం ఓబులేసు అన్నం కలుపుకుంటూ ఆ మాటలే, ఆమె గొంతుతోనే, తడబాటుతో సహా అప్పజెబుతాడు. బదిలీ రద్దు చేయించి వచ్చానని మాత్రం తన గొంతుతో అంటాడు.

సుభాషిణి నాగరత్న ఇంటికి వెళుతుంది. హాలంతా అదే తీగ. తన పెరట్లో ఎన్ని ఆకులున్నాయో ఇక్కడా అన్నే ఉన్నాయి. నాగరత్న ఒక ఆకును చెవికి ఆనించుకుని కూర్చుంది.

"నువ్వు నాటినావని నమ్మి చెప్పుకున్నా," అంటుంది సుభాషిణి.

"నాకేడ చెప్పినావు వదినా? తీగకు చెప్పినావు. అది నాకు చెప్పింది. నేను మా అన్నకు చెప్పినా. ఇందులో మాట తప్పినోళ్లు ఎవరు?"

సుభాషిణి వెనక్కి తిరుగుతుంది. ఇంటికొచ్చి తీగను పట్టి లాగుతుంది. అది చాపలా చుట్టుకుంటూ లేచి వస్తుంది. కింద మట్టి లేదు, మెట్లున్నాయి. దిగుతుంది.

అడుగున ఒక తరగతి గది, అందులో తడి లేని నీళ్లు. మెడలోతు నీళ్లలో నలభైమంది పిల్లలు లేచి నిలబడతారు. వాళ్ల జడలు పైకి తేలుతున్నాయి. ఆమె బల్ల మీది హాజరుపట్టీ తెరిచి మొదటి పేరు పిలుస్తుంది.

ఎవరి పెదవులూ కదలవు. గదంతా నాగరత్న గొంతు పలుకుతుంది: "వచ్చినా వదినా."

సుభాషిణి రెండో పేరు పిలుస్తుంది.