డిక్కీ తెరవని రోజు

"నువ్వు టేపు ఆ చివర పట్టుకో చాలు, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు బావ మొదటి రోజు. ఎనిమిది నెలలైంది. ఇప్పుడు టేపు రెండు చివరలూ నావే. ఒక చివర చక్రం నడిమధ్య అతికించి, రెండో చివర పట్టుకుని బోర్డు దాకా నడుస్తాను. అయినా షాపుకి ఎవరొచ్చినా బావ నా గురించి చెప్పే మాట మారలేదు. మా మరదలు, పిల్ల పుట్టాక మా ఆవిడకి సాయంగా వచ్చింది, నోట్లో నాలుక లేదు కానీ టీ మాత్రం బాగా పెడుతుంది, అంటాడు. వాళ్ళు నవ్వుతారు. నేను టీ ఇస్తాను.

మాది కార్ల ముందు అద్దాలు మార్చే షాపు. మాది అంటే బావది. ముందు షెడ్డు, వెనక రెండు గదులూ వంటిల్లూ, మధ్యలో ఒక తలుపు. అద్దం బిగించడంలో బావ చెయ్యి మంచిది. పాత జిగురంతా గీకేసి, కొత్త జిగురు ఒకే ధారగా పోసి అద్దం కూర్చోబెట్టాడంటే ఎంత వానకైనా లోపలికి చుక్క దిగదు. ఆ మాట నేను కాదనను. కానీ ఇప్పటి కార్లకి అద్దం లోపలివైపు, పై భాగంలో, ఒక కెమెరా ఉంటుంది. రోడ్డు మీది గీతల్నీ ముందు వెళ్ళే బండినీ అది చూస్తూ ఉంటుంది. ముందు బండి టక్కున ఆగితే, నడిపే మనిషి చూడకపోయినా అది చూసి బ్రేకు వేస్తుంది. అద్దం మార్చినప్పుడు దాని చూపు పక్కకి పోతుంది. ఏది తిన్నగా ఉందో, ఏది ఎంత దూరంలో ఉందో దానికి మళ్ళీ నేర్పాలి. నలుపూ తెలుపూ గళ్ళున్న బోర్డుని కారు ముందు కొలిచిన దూరంలో, కొలిచిన ఎత్తులో నిలబెట్టి, కారుకి స్కానర్ మిషను తగిలించి నేర్పుతాం. అద్దం దగ్గర ఒక్క డిగ్రీ తప్పితే వంద మీటర్ల అవతల దాదాపు రెండు మీటర్లు తప్పుతుంది.

ఆ మిషను కొన్నప్పుడు కంపెనీ మనిషి వచ్చి రెండు రోజులు నేర్పి వెళ్ళాడు. మూడో రోజు నుంచి స్కానర్ మీద ఎర్ర అక్షరాలే. బావ నాలుగుసార్లు చేశాడు, నాలుగుసార్లూ మిషనుని తిట్టాడు. దాంతోపాటు వచ్చిన పుస్తకం రెండు వందల పేజీలు, అంతా ఇంగ్లీషు. బావకి పుస్తకం తెరిస్తే ఆవలింతలు వస్తాయి. మా ఊరి బడిలో నాకొచ్చిన ఇంగ్లీషు అంతంత మాత్రమే, కానీ నిఘంటువు పక్కన పెట్టుకుని ఓపిగ్గా కూర్చుంటే ఏ వాక్యమైనా ఎప్పటికో ఒకప్పటికి లొంగుతుంది. దూరం కొలవాల్సింది బంపరు దగ్గర్నుంచి కాదు, ముందు చక్రం మధ్య నుంచి అని పద్దెనిమిదో పేజీలో దొరికింది. దొరికాక చెప్పడానికి రెండు రోజులు పట్టింది. తరగతిలోనూ అంతే, జవాబు తెలిసినా లేచి నిలబడితే గొంతు రాదు, రాయమంటే మాత్రం రాసేస్తాను. చివరికి చిన్న కాగితం మీద రాసి బావ టీ గ్లాసు కింద పెట్టాను. చదువుకుని, "నేనూ అదే అనుకుంటున్నాను" అన్నాడు.

ఆ తర్వాత నుంచి బావ అద్దం బిగించి చేతులు కడుక్కుంటాడు, నేను మొదలుపెడతాను. పుస్తకంలో ఉన్నదంతా తెలుగులో రాసుకుని పదకొండు పనులుగా విడగొట్టుకున్నాను. టైర్లలో గాలి సరిచూడటం మొదటిది. పెట్రోలు ట్యాంకు నిండా ఉండాలి. డిక్కీలో ఏమీ ఉండకూడదు. స్టీరింగు తిన్నగా ఉండాలి. అలా పోతుంది. అన్నీ కలిపి గంటన్నర. అయిపోయాక ఒక సర్టిఫికెట్ ఇస్తాం. అందులోనూ ఇవే పదకొండు గడులు ఉంటాయి. బావ వచ్చి, పైనుంచి కింది వరకూ చకచకా టిక్కులు పెట్టి, చివర సంతకం చేస్తాడు. ఇంట్లో సరదాగా ఉన్నప్పుడు నన్ను "ఇంజనీరు గారూ" అంటాడు. తలుపు దాటి షెడ్డులోకి వస్తే "పిల్లా" అంటాడు.

గంటన్నర అన్నాను కానీ, ఎనిమిది నెలల్లో ఆ గంటన్నర నాకు ఒక్కసారి కూడా ముక్కలు కాకుండా దొరకలేదు. నిలువు చూడటానికి దారానికి తూకం గుండు వేలాడదీసి అది ఊగడం ఆగేదాకా చూస్తుంటే లోపల్నుంచి పిలుపు వస్తుంది, పాలు పొంగుతున్నాయి చూడు అని. బోర్డు ఎత్తు సరిచేస్తుంటే పిల్ల బట్టలు తడిపిందని వస్తుంది. షెడ్డులో ఇద్దరు మనుషులు కూర్చుంటే రెండు టీలు, నలుగురు కూర్చుంటే నాలుగు టీలు. బావ అద్దం బిగిస్తున్నప్పుడు మాత్రం అక్క పిల్లని నవ్వనివ్వదు కూడా. ఆయన జిగురు పోస్తున్నారు, చెయ్యి కదులుతుంది అంటుంది. నా చెయ్యి కదిలితే ఏమవుతుందో ఎవరూ అడగలేదు. ఆ పని నాది అని ఎవరూ అనుకోవడం లేదు కాబట్టి, మధ్యలో పిలిస్తే పాడయ్యే పని నా దగ్గర ఉంటుందని కూడా ఎవరికీ తోచదు. ఇంటి పని మధ్యలో ఆపి షాపు పని చేస్తే సాయం చేసినట్టు. షాపు పని మధ్యలో ఆపి ఇంటి పని చేస్తే అది మామూలు. ఫోనులో అమ్మతో ఒకసారి అలసటగా ఉందన్నాను. అక్క ఇల్లేగా, పరాయి ఇల్లా ఏంటి అంది అమ్మ. పరాయి ఇల్లయితే జీతం ఉండేది, ఆదివారం ఉండేది అని నోటి దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

గురువారం ఒక ఫిజియోథెరపిస్టు కారు వచ్చింది. ఇళ్ళకి వెళ్ళి పెద్దవాళ్ళ చేత వ్యాయామం చేయిస్తుందట. నలభై ఏళ్ళుంటాయి, గబగబా మాట్లాడుతుంది, నవ్వుతూనే తొందరపెడుతుంది. బావ మధ్యాహ్నానికి అద్దం బిగించాడు, జిగురు గట్టిపడ్డాక నేను మొదలుపెట్టాను. గాలి చూశాను, ట్యాంకు చూశాను. డిక్కీ తీయడానికి వెనక్కి వెళ్తుంటే బావ, "పిల్లా, ఇన్సూరెన్సు ఆయన వచ్చారు, రెండు టీ" అన్నాడు. లోపలికి వెళ్ళాను. టీ మరుగుతుంటే అక్క పిల్లని నా చంకలో పెట్టి స్నానానికి వెళ్ళింది. ఒక చేత్తో టీ వడకట్టి, పిల్లని చంకనేసుకునే ట్రే పట్టుకెళ్ళి ఇచ్చాను. ఖాళీ గ్లాసులు తీసుకొచ్చాను. పిల్లని అక్కకి ఇచ్చి షెడ్డులోకి వచ్చేసరికి అరగంట పోయింది. స్టీరింగు పట్టుకుని తిన్నగా ఉందో లేదో చూశాను. అక్కడి నుంచి కొనసాగించాను. మిగతావన్నీ మిల్లీమీటరు తేడా లేకుండా చేశాను. స్కానర్ మీద పచ్చ అక్షరాలు వచ్చాయి. కెమెరా సరిగ్గా లేదని కారులో మెరుస్తున్న పసుపు లైటు ఆరిపోయింది.

సాయంత్రం ఆవిడ వచ్చింది. నేను షెడ్డు వైపున్న వంటింటి కిటికీ దగ్గర గిన్నెలు తోముతున్నాను. సర్టిఫికెట్ మడిచి సంచిలో పెట్టుకుని, ఆ సంచి పడేయడానికి ఆవిడ డిక్కీ తీసింది. నిండా ఇనుప బరువులు. పక్కన ఇసుక సంచులు, మడత బల్ల. వంద కిలోలకి తక్కువ ఉండవు. ఆ డిక్కీ నేను తెరవనే లేదని అప్పుడు గుర్తొచ్చింది.

డిక్కీలో అంత బరువుంటే కారు వెనక్కి కుంగుతుంది, ముక్కు పైకి లేస్తుంది. ఆ వంకరనే తిన్నగా అనుకొమ్మని నేను కెమెరాకి నేర్పాను. మిషనుకేం తెలుసు, చూపించింది నేర్చుకుంటుంది. బరువులు దింపిన రోజున ముక్కు కిందికి దిగుతుంది, ముందున్న బండి ఉన్నదానికంటే దూరంగా ఉన్నట్టు లెక్క కడుతుంది. బ్రేకు ఆలస్యంగా వేస్తుంది. సబ్బు చేతులతోనే షెడ్డులోకి పరిగెత్తాను. ఆవిడ బావతో చెబుతోంది, రేపు ఈ సామానంతా క్లినిక్‌లో దించేస్తానని, ఆదివారం వాళ్ళమ్మని ఎక్కించుకుని పెద్ద రోడ్డు మీద నాలుగు గంటల ప్రయాణం ఉందని. నేను బావ వెనక నిలబడి నెమ్మదిగా చెప్పాను. డిక్కీ ఖాళీ చేయలేదు బావా, మళ్ళీ చేయాలి అని. బావ ఆవిడ వైపు నుంచి నవ్వు తిప్పకుండానే చేత్తో నన్ను లోపలికి పొమ్మన్నాడు. కారు వెళ్ళిపోయింది.

వెళ్ళాక మళ్ళీ చెప్పాను. "లైటు ఆరిందా లేదా? పూర్తయిందని మిషను చెప్పిందా లేదా? మిషను కంటే నీకెక్కువ తెలుసా?" అన్నాడు. పిలిచి తప్పు చేశామంటే షాపు పరువు ఏం కావాలి అన్నాడు. అన్నం తినేటప్పుడు, ఆవిడ ఎలాగూ నెమ్మదిగానే నడిపేరకం, ఆడవాళ్ళకి బ్రేకు మీంచి కాలు తీసే అలవాటే ఉండదని జోకు వేశాడు. అక్క నవ్వింది. నేను వడ్డించాను.

శుక్రవారం అక్కతో చెప్పాను. ఈ కెమెరా పని నాకంటే ముందు అక్కే చేయాల్సింది. ఆ పుస్తకం మొదటి పది పేజీల్లో పెన్సిలు గీతలున్నాయి, బావ మిషను తెచ్చిన కొత్తలో అక్క గీసినవి. పదకొండో పేజీ నుంచి లేవు. అప్పటికి అక్కకి ఏడో నెల. అందుకే అక్కకి అర్థమవుతుందనుకున్నాను. అర్థమైంది కూడా. పిల్లకి పాలు పట్టడం పూర్తి చేసింది. తర్వాత, "షాపు బోర్డు మీద మీ బావ పేరుంది. నీది ఎక్కడుంది? లేనప్పుడు నీకెందుకే అంత నొప్పి?" అంది. ఎవరో ఆవిడ కోసం నా కాపురంలో గొడవ పెట్టకు అని కూడా అంది. ఆ రోజంతా ఆ మాటే తిరిగింది నాలో. పేరు లేనప్పుడు నొప్పి కూడా ఉండకూడదన్నమాట. నిజమే, వదిలేస్తే నన్నెవరూ పట్టుకోరు. ఏదైనా జరిగితే సంతకం బావది. నేను టీ ఇచ్చే పిల్లని. అలా అనుకుంటే నిద్ర పట్టాలి. కానీ డిక్కీ దగ్గరికి వెళ్తూ వెనక్కి తిరిగిన కాళ్ళు నావి. వాళ్ళమ్మ ముందు సీట్లో కూర్చుంటుందా, వెనక కూర్చుంటుందా అని ఆలోచిస్తూ బట్టలు ఆరేశాను, మడత పెట్టాను, ఏ బట్ట ఎవరిదో కూడా చూడలేదు.

శనివారం పొద్దున బావ అద్దాలు తేవడానికి వెళ్ళాడు. నేను చెప్పాల్సింది ముందే కాగితం మీద రాసుకున్నాను, లేకపోతే నా గొంతు నన్ను నట్టేట ముంచుతుందని తెలుసు. షాపు ఫోను తీసి ఆవిడ నంబరు నొక్కి, కాగితం చూసి చదివేశాను. షాపు నుంచి మాట్లాడుతున్నానండీ, మీ కెమెరా సరిచేసినప్పుడు డిక్కీలో బరువులున్నాయి, అందుకని అది తప్పుగా చూస్తుంది, మళ్ళీ చేయాలి, అప్పటిదాకా దాన్ని నమ్ముకుని పెద్ద రోడ్డెక్కకండి. ఆవిడ, "అసలు చేసిందెవరు?" అంది. కాగితంలో దానికి జవాబు రాసుకోలేదు. ఫోను పెట్టేశాను.

మధ్యాహ్నం రెండింటికి ఆవిడ వచ్చేసింది. బావ అప్పుడే భోంచేసి షెడ్డులో కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ ఈసారి నవ్వలేదు. సర్టిఫికెట్ విప్పి బావ ముందు పెట్టింది. డిక్కీ ఖాళీ అని టిక్కు ఉంది, కింద మీ సంతకం ఉంది, నా డిక్కీలో ఆ రోజు నూట పది కిలోలున్నాయి, మీరు తెరిచి చూశారా అని అడిగింది. చప్పుడు విని నేను గుమ్మంలోకి వచ్చాను. నా వెనక అక్క, చంకలో పిల్ల. బావ కాగితం చూశాడు, ఆవిడని చూశాడు, గుమ్మం వైపు తిరిగాడు. ఫోను ఎవరు చేశారో ఆ క్షణంలోనే అతనికి తెలిసిపోయింది.

"నేను కాదండీ. మా మరదలు చేసింది" అన్నాడు.

ఎనిమిది నెలలు. అరవై రెండు కార్లు. ఒక్కసారైనా, ఎవరో ఒకరి ముందు, బావ నోట ఆ మాట వినాలని ఎంత అనుకున్నానో రాత్రిళ్ళు రాసుకునే నా డైరీకి తెలుసు. అరవై ఒక్క కార్లు సరిగ్గా వెళ్ళాయి, అవన్నీ బావ చేశాడు. ఒకటి తప్పింది, అది నేను చేశాను. ఆ మాట వినగానే ఏడుపు రావాలి. రాలేదు. గొంతులో ఎప్పుడూ అడ్డం పడేదేదో ఆ మాటతోనే పక్కకి జరిగినట్టయింది. వెనక్కి చూస్తే అక్క తల దించుకుంది. బావ ఇంకా చెబుతున్నాడు, చిన్నపిల్లండీ, తెలియక చేసింది, చదువు కూడా పెద్దగా లేదు అని.

"ఈ పని తెలిసే చేస్తానండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఇదొక్కటే కాదు, ఈ షాపులో కెమెరాలన్నీ నేనే చేశాను. మీది చేసేటప్పుడు మధ్యలో టీకి పిలిస్తే వెళ్ళాను. తిరిగొచ్చి డిక్కీ మర్చిపోయాను. తప్పు నాదే."

బావ మొహం ఎర్రబడింది. అక్క, "మాట రాని పిల్లవనుకున్నాం, అన్నీ దాచిపెట్టుకున్నావన్నమాట" అని నాకు మాత్రమే వినబడేలా అంది. ఆవిడ నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసింది, నమ్మాలో వద్దో తేల్చుకోలేనట్టు. తర్వాత బావని అడిగింది, మరి ఇప్పుడు ఎవరు చేస్తారని. బావ గళ్ళ బోర్డు వైపు చూశాడు, స్కానర్ వైపు చూశాడు. చక్రం మధ్య నుంచా, బంపరు నుంచా అని అతను మనసులో వెతుక్కుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. ఆవిడ నా వైపు తిరిగింది.

"నేనే చేస్తాను" అన్నాను. "గంటన్నర పడుతుంది. ఆ గంటన్నర అయ్యేదాకా ఈ ఇంట్లో నన్నెవరూ పిలవకూడదు."