ఫూల్‌సింగ్ ట్రాక్టర్‌కు టర్బో

ఫూల్‌సింగ్ ట్రాక్టర్ బానెట్ లేపి, పాతగుడ్డతో ఇంజన్ పక్కలు తుడుస్తున్నాడు. టర్బో బిగించే చోట మట్టి ఉండకూడదని మెకానిక్ రాజన్న చెప్పాడు మరి. ఇంట్లో తన కంచం తాను కడిగిన పాపాన పోలేదని అతని భార్య సోమ్లి అంటుంది. అది నిజమే.

మీసం నల్లగా ఉన్నప్పటి నుంచి అతను తోలుతున్నది రైతు నవనీత్ వాళ్ల బండినే. సన్నటి మనిషి, పొడుగు మెడ. వెనక్కి తిరిగి ట్రాలీని చూసి చూసి కుడిభుజం కిందికి జారింది. బండిని తిట్టాలంటే తెలుగు, బుజ్జగించాలంటే లంబాడీ. ఈమధ్య బుజ్జగింపే ఎక్కువైంది. చెరుకు లోడుతో నిజాంసాగర్ కాలువ కట్ట ఎక్కలేక నల్లపొగ కక్కి ఆగిపోతోంది. ఈసారీ ఎక్కకపోతే అమ్మేస్తానని నవనీత్ తెగేసి చెప్పాడు. కొత్త బండి వస్తే ఈ ముసలాడికి తాళం ఎవరిస్తారు? అందుకే టర్బో పెట్టిద్దామని కాళ్లావేళ్లా పడ్డాడు.

మధ్యాహ్నానికి బాన్సువాడ షెడ్డులో పని పూర్తయింది. పొగ ఊపుకి తిరిగి ఇంజన్‌లోకి గాలిని ఎక్కువగా నెట్టే ఆ టర్బో, స్టార్ట్ చేయగానే సన్నగా ఈల వేసింది. ఫూల్‌సింగ్ మురిసిపోయి, అలవాటు కొద్దీ టక్కున ఆపేశాడు. డీజిల్ బొట్టు కూడా వృథా కానివ్వడు. పల్లంలో ఇంజన్ ఆపి దొర్లించే రకం.

రాజన్న నెత్తి కొట్టుకున్నాడు. "గట్ల ఆపుతరానే అన్నా! ఇంజన్ ఆగితే నూనె ఆగుతది, గా టర్బో చక్రం తిరుగుతనే ఉంటది. కరాబైతది. లోడు గుంజినంక బీడీ తాగేంత సేపు ఊకె నడవనియ్యి."

"డీజిల్ కాలదా?"

"కాలనియ్యి. గిన్నేండ్లు నీకు చేసింది. జర ఆరాం తీసుకోనియ్యవా?"

ఫూల్‌సింగ్ బానెట్‌ను అరచేత్తో నిమిరాడు.

సాయంత్రం చెరుకు లోడెత్తారు. కూలీలతో పాటు సోమ్లి కట్ట మీద నిలబడింది. నవనీత్ చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ఫూల్‌సింగ్ లంబాడీలో ఏదో గొణిగి గేరు వేశాడు. కట్ట మొదట్లో బండి కాస్త జంకింది. ఈల హెచ్చింది. నడుమ ఎక్కడా ఆగకుండా పైకొచ్చేసింది.

"ఇగ అమ్మను కాకా, నువ్వే తోలు!" నవనీత్ నవ్వేశాడు.

ఫూల్‌సింగ్ ఏడ్చాడు. కంట్లో దుమ్ము పడిందన్నాడు గానీ ఎవరూ నమ్మలేదు.

బండిని పక్కకు పెట్టాడు, దిగలేదు. "ఆపి రా, చాయ్ సల్లారుతది," అని సోమ్లి పిలిచింది.

"జర ఆగు. ఆరాం తీసుకోనీ పాపం."

చాయ్ చల్లారింది. కూలీలు వెళ్లిపోయారు. ఇంజన్ మాత్రం నడుస్తూనే ఉంది. బొట్టు డీజిల్ కోసం ప్రాణం కొట్టుకునే మనిషి ఇంకా ఆపలేదేమని సోమ్లి చాయ్ గ్లాసు కింద పెట్టేసింది. పరుగున వెళ్లింది. స్టీరింగ్ మీద చేతులు, చేతుల మీద తల. పిలిచింది, కుదిపింది, మళ్లీ పిలిచింది. ఆమె కేకకు వచ్చిన నవనీత్ ఏం చేయాలో తోచక ఇంజన్ ఆపాడు.

ఉత్తకాళ్లతో తొక్కితేనే క్లచ్ మాట వింటుందని ఫూల్‌సింగ్ నమ్మకం. ఎక్కేచోటే చెప్పులు విప్పి, దిగాక ఎంత దూరమైనా వెనక్కి నడిచి వెళ్లి తొడుక్కునేవాడు. కట్ట కింద, బండి ఎక్కిన చోట, చెరుకాకుల మధ్య అతని రబ్బరు చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి.